దొడ్డికి రెండో తలుపు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జైనూర్‌లో జంతువుల కోసం ఒక ఆశ్రయం ఉండాలని ఎవరైనా అంటే, ఎదురయ్యే మొదటి మాట ఏమిటో చెప్పనక్కర్లేదు. వాగు పొంగితే గర్భిణిని మంచం మీద మోసుకుంటూ దాటించే గూడేలు ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి. మనుషులకే దిక్కు లేదు, కుక్కలకు ఇల్లు కడతారా అంటారు. అలా అనేవాళ్లు కరకు మనుషులేమీ కారు. తినే జొన్నరొట్టెలో చివరి ముక్క గుమ్మం ముందున్న కుక్కకు వేసి లేచేవాళ్లే చాలామంది. అయినా అడుగుతారు, అడగాలి కూడా. జీవకారుణ్యం మీద వచ్చే రాతలు ఎక్కువగా ఈ ప్రశ్న చుట్టూ తిరిగి దాటేస్తాయి. పట్నంలో కూర్చుని రాస్తే అది తేలికే. కెరమెరి ఘాట్ ఎక్కి వచ్చాక అంత తేలిక కాదు.

కాబట్టి కరుణ సంగతి కాసేపు పక్కన పెట్టి లెక్క చూద్దాం. కుక్క కరిస్తే ముందు చేయాల్సింది పుండును సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగడం. అదే రోజు మొదటి సూది. తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఆపైన మరికొన్ని. గాయం లోతుగా ఉంటే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. గూడెం నుంచి ప్రతి సూదికీ ఒక ప్రయాణం, ఒక రోజు కూలి. బొడ్డు చుట్టూ పొడిచే పద్నాలుగు సూదుల పాత టీకాను మన దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఆ భయం మాత్రం ఇంకా పోలేదు. దవాఖానాకు పోవాల్సినవాడు పసరు పోసే మనిషి దగ్గరికి పోతాడు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఈ జబ్బుతో ఏటా దాదాపు 59 వేల మంది పోతున్నారు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచి వచ్చేదే. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే ఆ గొలుసు తెగుతుందని కూడా ఆ సంస్థే చెబుతోంది. మనిషికి నాలుగైదు సూదులు, అదీ కరిచిన తర్వాత, అదీ సమయానికి చేరితే. కుక్కకు ఏడాదికి ఒకటి, కరవక ముందే. మనుషులకే దిక్కు లేదన్న మాటకు ఇది పూర్తి జవాబు కాకపోవచ్చు. కానీ కుక్కకు వేసే సూది మనిషి పళ్లెంలోది లాక్కుని వేసేది కాదని మాత్రం ఈ లెక్క చెబుతుంది.

సరే, సూదులు వేయాలి. మరి ఆశ్రయం ఎందుకు? అది ఎలా ఉండాలి? ఇక్కడ ఇంతకుముందు ఈ దారిన నడిచినవాళ్లను అడగాలి.

మద్రాసులో 1959లో వానలకు మునిగిన త్యాగరాయనగర్ వీధిలో రెండు కుక్కపిల్లలు కొట్టుకుపోతుంటే, విమానం నడిపే కెప్టెన్ సుందరం వాటిని ఎత్తుకుని ఇంటికి తెచ్చారు. బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియాకు అదే మొదలు. 1964కి అది రిజిస్టరైన సంస్థ అయింది. హైదరాబాద్‌లో 1992లో అమల అక్కినేని, నాగార్జున అండతో బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ మొదలుపెట్టారు. తర్వాత జూబ్లీహిల్స్‌లో అది దవాఖానాగా, షెడ్లుగా పెరిగింది. 1996లో ప్రదీప్ కుమార్ నాథ్ విశాఖపట్నంలో విశాఖ జంతు సంరక్షణ సంఘం పెట్టారు. వీధికుక్కలతో పాటు తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల దాకా దాని పని విస్తరించింది.

ఇలాంటి సంస్థలన్నీ దాదాపు ఒకేలా పెరుగుతాయి. మొదట దెబ్బ తగిలిన ఒక జీవం, చూడలేని ఒక మనిషి. ఇల్లు నిండుతుంది. పక్కింటివాళ్లు గొణుగుతారు. స్థలం వెతుకుతారు, షెడ్డు వేస్తారు. షెడ్డు ఉందని తెలియగానే రాత్రిపూట గేటు ముందు అట్టపెట్టెలో పిల్లలను వదిలి వెళ్లేవాళ్లు మొదలవుతారు. ఎన్ని షెడ్లు వేసినా నిండుతూనే ఉంటాయి. అప్పుడుగానీ తట్టదు, అసలు పని గేటు లోపల లేదని. మద్రాసు బ్లూ క్రాస్ 1960లలోనే కుక్కలకు కు.ని. ఆపరేషన్లు చేద్దామంది. కార్పొరేషన్ మాత్రం పంతొమ్మిదో శతాబ్దం నుంచీ కుక్కలను పట్టి చంపుతూనే వచ్చింది. తరాల తరబడి చంపినా కుక్కలు తగ్గలేదు, రేబిస్ తగ్గలేదు. చివరికి 1996లో ఆ నగరం ఆపరేషన్ల దారి పట్టింది. ఒక మంచి మాట చెవికెక్కడానికి ముప్పై ఏళ్లు పట్టిందన్నమాట. మన దేశంలో అది మరీ ఎక్కువ కాలమేమీ కాదు!

అయితే నగరాల కథలు జైనూర్‌కు పూర్తిగా అతకవు. దీనికి దగ్గరి పాఠం ఉత్తర తెలంగాణలోనే ఉంది. దాన్ని మనం జంతు ఆశ్రయం అనుకోలేదు కాబట్టి పాఠంగా చదవలేదు.

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మన ఇళ్లలో పుట్టుకతో వచ్చే మాట. పిల్లలు పుట్టకపోయినా, పుట్టినవాడికి జబ్బు చేసినా, పంట నిలబడినా కోడెను కడతామని మొక్కుతారు. ఎక్కువమంది గుడి దగ్గర టికెట్ కొని, అక్కడున్న కోడెనే పలుపు పట్టి ప్రదక్షిణ చేయించి, కట్టేసి వస్తారు. కొందరు ఇంటి నుంచి కోడెను తెచ్చి స్వామికే వదిలేస్తారు. వదిలేసిన కోడె రాజన్నది. దాన్ని కొట్టకూడదు, అమ్మకూడదు, చంపకూడదు. ఇంతకంటే గట్టిగా చంపబోమని మాటిచ్చిన ఆశ్రయం ఏ దేశంలో ఉంటుంది? దాన్ని నిలబెట్టేది కూడా జనమే, టికెట్ రూపాయలతో, హుండీలో వేసిన చిల్లరతో. అన్ని విధాలా జనం ఆశ్రయమే అది.

కానీ ఆ కోడెలు పోయే తిప్పాపూర్ గోశాలలో 2025 మే నెలాఖరున ఏం జరిగిందో పేపర్లు చదివేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పట్టాల్సిన వాటికంటే ఎన్నో ఎక్కువ కోడెలు. అకాల వానలకు బురద. ఆ బురదలో నిలబడలేక, పడితే లేవలేక వరసగా కోడెలు చనిపోయాయి. అక్కడ ఎవరూ కత్తి ఎత్తలేదు. వచ్చిన ప్రతి జీవాన్నీ కాదనకుండా తీసుకున్నారు, అంతే. లోపలికి తలుపు తెరిచి ఉంది, బయటికి దారి లేదు. ఆ తర్వాత పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతులకు కోడెలను ఉచితంగా ఇచ్చే పని జోరందుకుంది. గోశాలను పెద్దది చేస్తామని, కొత్త స్థలం ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. మంచిదే. కానీ చిన్న చోట ఇరుకైనవి వందెకరాల్లోనూ ఇరుకవుతాయి, కాస్త ఆలస్యంగా. అంతకుముందు 2024 చివర్లో, అలా పంచిన కోడెలు కొన్ని పక్కదారి పట్టాయన్న ఆరోపణలతో పెద్ద గొడవే జరిగింది. అంటే బయటికి పంపితే సరిపోదు, పంపింది ఎక్కడ మేస్తున్నదో ఏడాది తర్వాత పోయి చూసేవాడూ కావాలి.

సింహాచలంలోనూ ఇదే కథ. అప్పన్నకు కోడెదూడలను మొక్కుగా వదలడం అక్కడి ఆచారం. తల్లిపాలు మానని దూడలను కూడా కొండ దగ్గర వదిలేసేవాళ్లు. పాలు లేక అవి పోతుంటే చూడలేక విశాఖ సంఘం వాటిని తెచ్చి సాకింది. భక్తులకు నచ్చజెప్పడం ఆ సంఘానికి దూడలను సాకడం కంటే కష్టమైన పని అయి ఉంటుంది.

ఇక్కడ ఒక మాట మెల్లగా చెప్పుకోవాలి. ట్రాక్టర్ వచ్చాక మగదూడకు ఇంట్లో పని లేకుండా పోయింది. మేపు ఖర్చు, కాసేవాడి కూలి, కొట్టం. మొక్కులో భక్తి ఎంత, వదిలించుకోవడం ఎంత అన్నది ఎవరి మనసుకు వారికే తెలియాలి. రాజన్న రెండూ కాదనకుండా తీసుకున్నాడు. తిప్పాపూర్‌లో భారాన్ని తగ్గించే పని నిజానికి పశువుల దవాఖానాలో మొదలవ్వాలి. ఎక్కువగా ఆడదూడలే పుట్టేలా వేరు చేసిన వీర్యం ఇప్పుడు సర్కారు పథకాల్లోనే దొరుకుతోంది. ఆ సూది వేయించుకున్న ఆవుకు పుట్టే దూడ గోశాల ముఖం చూడాల్సిన పని చాలావరకు ఉండదు.

పడమటి దేశాల్లో చంపని షెల్టర్లు అనే ఉద్యమం ఈ పాఠాన్ని ఇంకో దారిన నేర్చుకుంది. అక్కడ యజమాని లేని కుక్కను పట్టి షెల్టర్‌లో పెట్టి, కొన్నాళ్లు చూసి, ఎవరూ తీసుకోకపోతే చంపడం మామూలు. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం, పెంచుకోదగ్గ ఏ జంతువునూ ఇకపై చంపబోమని అక్కడి జంతు సంఘంతో ఒప్పందం చేసుకుంది. ఇప్పుడు లోపలికి వచ్చినవాటిలో 90 శాతం ప్రాణాలతో బయటికి పోతే దాన్ని చంపని షెల్టర్ అంటున్నారు. ఆ కొలతలో గమనించాల్సింది 90 కాదు. లోపల ఎన్నింటిని సాకుతున్నారన్నది వాళ్లు లెక్కపెట్టలేదు. ఎన్ని బయటికి పోయాయన్నదే లెక్కపెట్టారు. మిగతా విషయాల్లో వాళ్లకూ మనకూ పోలిక లేదు. వాళ్ల కుక్కకు ఒక యజమాని ఉంటాడు, లేకపోతే షెల్టర్ ఉంటుంది. మన కుక్క అయిదిళ్ల ముద్ద తింటుంది, ఏ ఇంటిదీ కాదు. అడిగితే ఎవరూ మాది అనరు, ఎత్తుకుపోతే అందరూ మా కుక్క ఏదంటారు. దానికి ఇల్లు లేదు కానీ వాడ ఉంది.

మన చట్టం ఈ సంగతిని చాలావరకు పట్టుకుంది. జంతువుల మీద క్రూరత్వాన్ని నిరోధించే 1960 చట్టం వెనుక రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఉంది. ఆ చట్టం కింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే మొదటి అధ్యక్షురాలు. 2001లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు చెప్పేది ఇదే: కుక్కను పట్టాలి, ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, చెవికి గుర్తు పెట్టాలి, పట్టిన చోటే మళ్లీ వదలాలి. ఆరు నెలలు నిండని పిల్లలకు ఆపరేషన్ వద్దు. బాగు కాని జబ్బుతో, బతకని దెబ్బతో అల్లాడుతున్నదాన్ని అర్హత ఉన్న పశువైద్యుడు నొప్పి లేకుండా పోనివ్వవచ్చు. చంపని ఆశ్రయమంటే ప్రాణం పోతున్న జీవాన్ని మూలుగుతూ ఉంచడం కాదని చట్టానికీ తెలుసు.

సుప్రీంకోర్టు కూడా ఈ చోటనే అటూ ఇటూ ఊగింది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. పదకొండు రోజులకే, ఆగస్టు 22న, ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని సవరించారు. రేబిస్ ఉన్నవీ, మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా తర్వాత వాటి చోటుకే పంపాలన్నారు. నవంబరు 7న మరో మాట వచ్చింది. బడులు, దవాఖానాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తీసేయాలి, తిరిగి అక్కడ వదలకూడదు. బడి ఆవరణలో పిల్లల భద్రతకు అడ్డం చెప్పేవాళ్లెవరూ ఉండరు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి కుక్కలు చుట్టుముట్టిన దృశ్యం చూసిన తల్లిదండ్రుల ముందు కుక్కల హక్కుల గురించి గొంతు పెంచి మాట్లాడటానికి ఎవరికీ నోరు రాదు. రాకూడదు కూడా. కానీ తీసేసినవాటిని ఎక్కడ పెట్టాలి? ఢిల్లీకే దొరకని జవాబు జైనూర్ పంచాయతీని అడిగితే ఏం చెబుతుంది?

జవాబు లేని చోట తుపాకీ వస్తుంది, విషం వస్తుంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట ముసుగులతో వచ్చినవాళ్లు ఇరవై దాకా కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో కుక్కల బెడద, కోతుల బెడద చాలా ఊళ్లలో హామీలయ్యాయి. ఆ వెంటనే 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల పల్లెల్లో వందల కుక్కలను చంపి పూడ్చారన్న ఫిర్యాదుల మీద పోలీసులు కేసులు పెట్టారు. 1960 చట్టంలో ఇలాంటి క్రూరత్వానికి మొదటిసారి వేసే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె అలాగే ఉంది. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ మాత్రం జంతువును చంపితే అయిదేళ్ల దాకా జైలు అంటుంది. యాభై రూపాయలకూ అయిదేళ్లకూ మధ్య నిలబడి ఉన్నాడు కొత్తగా గెలిచిన సర్పంచ్. అతణ్ణి తిట్టడం తేలిక. చట్టం అతని మీద పెట్టిన పనికి కావలసిన బల్ల, మత్తుమందు, డాక్టరు అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఇంటికొచ్చి నిలదీసే తల్లి మాత్రం అతని గుమ్మం ముందే ఉంది. అంత మాత్రాన విషం పెడితే పని అయిపోదు. చంపిన వాడలోకి పక్క ఊరి కుక్కలు వచ్చి చేరతాయి, టీకా పడనివి, కొత్త చోట పోట్లాడుకునేవి. ఆపరేషన్ అయి, సూది పడి, తన వాడలో తాను తిరిగే కుక్క వాటిని రానివ్వదు. ఊరి కాపలాకు కుక్కనే పెట్టుకోవడం మనకు కొత్త కూడా కాదు.

ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఈ పద్ధతిలో కట్టిన కేంద్రం ఒకటి ఇప్పటికే ఉంది. అది కోతులది. నిర్మల్ దగ్గర చించోలిలో, గండిరామన్న హరితవనంలో, 2020 డిసెంబరులో తెరిచారు. ఊళ్ల మీద పడిన కోతులను పట్టి తెస్తే ఆపరేషన్ చేసి, కోలుకున్నాక అడవిలో వదలడం దాని పని. ఉన్న కోతుల సంఖ్య ముందు అది చేయగలిగింది చాలా తక్కువని అందరికీ తెలుసు. పట్టేవాళ్లు చాలరు, తెచ్చే ఖర్చు పంచాయతీలు పెట్టుకోలేవు. కానీ దాని నడక సరైంది. లోపలికి వచ్చింది బయటికి పోవడానికే వచ్చింది. ఇన్ని మాటలు చెప్పుకున్నాక, తక్కువ పని చేసే ఆ చిన్న కేంద్రాన్ని మెచ్చుకోవాలనిపిస్తుంది.

మన పల్లెలకు జంతువులను మూసిపెట్టే చోటు తెలియక కాదు. ప్రతి పెద్ద ఊళ్లో ఒకప్పుడు బందెల దొడ్డి ఉండేది. ఆ దొడ్డిలోకి చేనులో పడ్డ పశువును తోలేవాళ్లు. జరిమానా కట్టి విడిపించుకునేదాకా అక్కడే. ఇప్పుడు చాలా ఊళ్లలో కూలిన గోడలే మిగిలాయి. దయకు కట్టింది కాదు అది, శిక్షకు కట్టింది. అయినా దానికి మన కొత్త గోశాలలకు లేని ఒక గుణం ఉండేది. ఎవరూ పశువును అక్కడే ఉంచాలనుకోలేదు. దొడ్డి కాపరి కూడా అది ఎప్పుడు పోతుందా అనే చూసేవాడు.

ఇక జైనూర్ సంగతి. ఇది గోండులు, కొలాములు, పర్ధానులు, లంబాడాలు, ముస్లింలు కలిసి బతికే చోటు. ఇక్కడి మనిషికి జంతువు మీద ప్రేమ నేర్పబోవడం అహంకారం. శ్రావణం చివర పొలాల అమావాస్య నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి, పని చెప్పకుండా పిండివంట తినిపించే ఊళ్లు ఇవి. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశం ఇప్పటికీ ఎడ్లబండ్ల మీద వస్తుంది. ఎద్దు ముసలిదైనప్పుడు ఏం చేయాలన్నది మాత్రం ఈ ఊళ్లలోనూ పలకని ప్రశ్నే. అంగడికి తోలితే ఎటు పోతుందో తెలుసు. రోడ్డు మీద పట్టుకున్న లారీల్లోని పశువులను పోలీసులు గోశాలకు పంపితే, కేసు తేలేదాకా వాటి మేపు ఎవరిదన్నది మరో ప్రశ్న. అలా పట్టుకున్న జంతువుల సంరక్షణకు 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది కూడా. నిబంధనలకు మేత పుట్టదు.

కుక్కదీ వేరే కథ కాదు. జొన్నచేనులో పందులను అదిలించేది, మేకలమంద వెంట పోయేది అదే. దాని మీద ఇక్కడ మరో కన్ను పెట్టాల్సిన కారణం అడవి. జైనూర్‌కు ఆ పక్కన కవ్వాల్. 1965లో అభయారణ్యంగా మొదలై 2012లో పులుల అభయారణ్యం అయింది. తడోబా వైపు నుంచి పులి వచ్చిపోయే దారి ఈ జిల్లాలోనే ఉంది. 2018లో గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు కొద్ది వారాల్లో చనిపోయాయి. అందులో కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ వైరస్ ప్రధాన పాత్రధారి అని తేలింది. పులికీ అది సోకుతుంది. గూడెం కుక్కకు రేబిస్ సూదితో పాటు డిస్టెంపర్ సూది కూడా వేస్తే అవి అటు మనిషినీ, ఇటు పులినీ కాపాడతాయంటే అటవీశాఖ కూడా ఈ పనికి ఖర్చు పెట్టాలని అడగడం తప్పు కాదు.

ఈ పని ఎవరు చేయాలి? జైనూర్ మండలంలోనే మార్లవాయి ఉంది. 1943లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చింది అక్కడే. బయటి నుంచి పంతుళ్లను తెస్తే నిలవరని, ఆ భాష మాట్లాడే పిల్లలనే పంతుళ్లను చేసి వాళ్ల ఊళ్లకు పంపాలని ఆనాడే అనుకున్నారు. ఆయన, భార్య బెట్టీ ఇద్దరి సమాధులూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. పశువైద్యంలోనూ ఆ మాట చెల్లుతుంది. హైదరాబాద్ నుంచి సంవత్సరానికి ఒకసారి వచ్చే బండి కుక్కలను పట్టలేదు. ఏ కుక్క ఎవరి వాకిట పడుకుంటుందో తెలిసిన కుర్రవాడు పట్టగలడు. ఆవులకు సూది వేసే గోపాలమిత్రలు ఊళ్లలో ఇప్పటికే ఉన్నారు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు 2017లో నియోజకవర్గానికి ఒకటి చొప్పున మొదలయ్యాయి. ఇవి ఉన్నాయి కాబట్టి అంతా ఉందని కాదు. గోపాలమిత్రకు అందే పారితోషికం చూస్తే ఇంకో బరువు ఎత్తమని అడగడానికి మొహమాటం వేస్తుంది. కానీ మొదలుపెట్టాల్సింది శూన్యం నుంచి కాదు.

అప్పుడు జైనూర్ ఆశ్రయం ఎంత ఉండాలి? చిన్నదిగా ఉండాలి. పశువుల దవాఖానా ఆవరణలో ఒక ఆపరేషన్ బల్ల. కుట్లు ఆరేదాకా ఉంచడానికి కొన్ని గూళ్లు. రేబిస్ అనుమానం ఉన్నదాన్ని విడిగా పెట్టి చూడటానికి తాళం ఉన్న ఒక గది. కరెంటు పోయినా చల్లదనం పోని ఒక ఫ్రిజ్, ఎందుకంటే వేడెక్కిన టీకా నీళ్ల సూదితో సమానం. కాలు విరిగిన మేకకు, బండి కింద పడ్డ దూడకు కొంత కొట్టం. గోడ మీద దాతల పేర్ల కంటే ముందు ఒక రిజిస్టరు: వచ్చినది ఏది, ఏ రోజు పోయింది, ఎక్కడికి పోయింది. ఆ మూడో గడి ఖాళీగా ఉంటే ఆ నెల దవాఖానా పని చేయనట్టే. పేర్లు ఎక్కే గడి కాదు కాబట్టి దాన్ని నింపడానికి పోటీ ఉండదు. అందుకే దాన్ని పంచాయతీ పాలకవర్గం నెలకోసారి చూడాలని రాసిపెట్టాలి. ఒక్క పంచాయతీకి భారమైతే మండలమంతా కలిసి, ఉట్నూర్ ఐటీడీఏ తోడుతో చేసుకోవచ్చు.

ఇక కాలం. వీధికుక్కలు ఎక్కువగా వానకాలంలో, ఆ తర్వాత కట్టి, చలికాలంలో ఈనుతాయి. కాబట్టి ఆపరేషన్లు వానలకు ముందే జరగాలి. వానలు పడ్డాక వాగులు దాటి తేవడం కుదరదు, కోసిన పుండు తడికి ఆరదు. ఏప్రిల్, మే నెలల్లో ఆదిలాబాద్ ఎండకు మత్తులో ఉన్న కుక్క బతికి బయటపడటం కష్టం. పత్తి ఏరడం అయిపోయి, నాగోబా జాతర నుంచి జనం ఇళ్లకు చేరాక, ఎండ ముదరకముందు మిగిలేది ఫిబ్రవరి, మార్చి నెలలే. ఈ ఏటి బడ్జెట్‌లో బల్ల, ఫ్రిజ్, వలలు కొని, కుక్కను దెబ్బ తగలకుండా పట్టడం అయిదారుగురు కుర్రాళ్లకు నేర్పిస్తే, వచ్చే ఫిబ్రవరికి మొదటి శిబిరం పెట్టొచ్చు.